పైలం అనని రోజు

ఉప్పు వేసిన గోరువెచ్చటి నీళ్ళు నోట్లో పోసుకొని, తల వెనక్కి వాల్చి, గొంతులో గలగలలాడించి సింకులో ఉమ్మింది భూలక్ష్మి. పక్కన కాఫీ యంత్రం దగ్గర నిలబడే కుర్రాళ్ళు మొదట్లో మొహాలు తిప్పుకునేవాళ్ళు. ఇప్పుడు ఆమె వస్తుంటేనే సింకు ముందు నుంచి తప్పుకుంటారు. కొంగుతో మూతి తుడుచుకుని, "అ... ఆ..." అని ఒకసారి గొంతు పరీక్షించుకుంది. బాగానే ఉంది. పొద్దున నార్సింగి నుంచి షేర్ ఆటోలో వస్తుంటే చలిగాలి చెవుల్లో దూరింది గానీ గొంతు జోలికి రాలేదు.

కొండాపూర్‌లోని ఆ అద్దాల మేడలో నాలుగో అంతస్తు ఒక చిన్న వాతావరణ కంపెనీది. కోస్తాలో చేపల వేటకు వెళ్ళేవాళ్ళ ఫోన్లకు గాలి, వాన, అలల కబుర్లు పంపుతుంటారు. చదువుకునే కబుర్లు కావు, వినేవి. ఆ గొంతు భూలక్ష్మిది.

పొట్టి మనిషి. ముక్కుకు రాయి పోయిన పుల్ల, ముంజేతుల మీద పాతపడి నీలంగా అలుక్కుపోయిన పచ్చబొట్లు. మనిషిని చూసినవాళ్ళు ఆ గొంతు ఆమెదంటే నమ్మరు. పెద్ద గొంతేం కాదు. కంచు బిందెలో నీళ్ళు పోస్తున్నట్టు నిండుగా, తొందర లేకుండా ఉంటుంది. బాలానగర్‌లో పంపుల ఫ్యాక్టరీ టెలిఫోన్ బోర్డు ముందు సగం వయసు గడిపింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడికొచ్చి ముందు గదిలో కూర్చుంది. ఒకరోజు కబురు చదివే అమ్మాయి రాకపోతే, వాతావరణం లెక్కలు చూసే కామేశ్వరరావు ఈమె చేతిలో కాగితం పెట్టాడు. ఆ కాగితం మళ్ళీ ఇంకొకరి చేతికి పోలేదు.

సముద్రం మాత్రం ఆమె చూడలేదు. గండిపేట చెరువుకు అవతలి గట్టు కనబడకపోతే ఎలా ఉంటుందో అదే సముద్రమని అనుకుంటుంది. చూడలేదన్న బాధ కూడా లేదు.

అరవై నిండాయి. ఈరోజుతో పని ఆఖరు. రేపటి నుంచి నీహారిక చదువుతుంది. ఉప్పాడ పిల్ల, ఇన్నాళ్ళూ రికార్డింగ్ మిషన్ దగ్గర కూర్చున్నది.

రికార్డింగ్ గది తలుపు వేయగానే కామేశ్వరరావు కాగితం ఇచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. మంచివాడు. బందరు మనిషి. చెప్పలేని మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా అలా నెట్టుకుంటాడు.

"భూలక్ష్మిగారూ, ఈసారి చివర్న మీ మాట వద్దండి."

ఏ మాటో చెప్పాల్సిన పని లేదు. కొన్నేళ్ళ కిందట ఒక తుఫాను కబురు చదవడం ముగించి, మైకు ఆగిపోయిందనుకుని, "జర పైలం నాయనా" అని తనలో తాను అనుకుంది. మైకు ఆగలేదు. అది అలాగే కోస్తా అంతా వెళ్ళిపోయింది. మర్నాడు ఒకటే ఫోన్లు. "పైలం అంటే ఏంటండీ?" అని. జాగ్రత్త అని అర్థమని చెప్పాక, తర్వాతి తుఫానుకు ఆ మాట లేకపోతే మళ్ళీ ఫోన్లు. అప్పటి నుంచి ప్రమాదమున్న కబురు చివర కామేశ్వరరావే ఆ మాట ఉంచమనేవాడు.

"వద్దంటరేంది సార్? ఆఖరి రోజు."

"ఇది ఒక పూట కబురు కాదండి. చలికాలమంతా ఎలా ఉంటుందో చెప్పేది. దీని చివర మీరు పైలం అంటే..."

"పడవలు ఒడ్డునే ఉండిపోతాయి ఆంటీ" అంది నీహారిక, చెవుల మీది హెడ్‌ఫోను మెడలోకి జార్చుకుని. "మావోళ్ళకి మీరు చెప్పే గాలీ వానా ఏం పట్టవు. ఆఖర్న పైలం వచ్చిందా లేదా, అంతే. వస్తే వలలు మడత పెట్టేస్తారు. మా నాన్నయితే చుట్ట ముట్టించుకుని మీ కబురంతా అయ్యేదాకా ఈయన్నీ ఆయన్నీ తిడుతుంటాడు. చివర్న మాత్రం 'ఉష్' అంటాడు."

భూలక్ష్మి నవ్వింది. నవ్వుతూనే ఆ మాట ఎంత దూరం పోయిందో తలుచుకుంది. నోరు జారిన మాటకు పడవలు ఆగడం! ఈ చలికాలం సముద్రం నెమ్మదిగా ఉంటుందని కాగితంలోనే ఉంది. తన మాట విని మగవాళ్ళంతా ఒడ్డున కూర్చుంటే ఆ ఇళ్ళల్లో పొయ్యి మీద ఏం పెడతారు?

"అననులే సార్. నా నోరు నా మాట ఇనదా?" అంది.

వినలేదు.

"డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కోస్తాలో వానలు మామూలు కన్నా తక్కువగా ఉంటాయి. రాత్రిళ్ళు చలి కాస్త ఎక్కువ. తెల్లవారుజామున ఒడ్డు దగ్గర మంచు పట్టవచ్చు. సముద్రం చాలావరకు నెమ్మదిగా ఉంటుంది. డిసెంబరు మొదట్లో మాత్రం ఒక అల్పపీడనం ఏర్పడే అవకాశముంది, ఆ కబురు విడిగా పంపుతాం..." అంతవరకు నీళ్ళలా సాగింది. అల్పపీడనం అన్న మాట నోట్లోంచి వచ్చాక దాని తోక పట్టుకుని పైలం కూడా వచ్చేసింది.

రెండోసారీ అంతే. మూడోసారి "పై" అని నాలుక కరుచుకుంది.

"పోనీ నేను కోసేస్తాలే ఆంటీ" అని నీహారిక ఆ మాటను కత్తిరించి వినిపించింది. మాట్లాడేవాళ్ళ నోరు ఎవరో మూసేసినట్టు వాక్యం టక్కున ఆగిపోయింది.

"ఇలా ఆగితే ఫోను చెడిపోయిందనుకుంటారు" అన్నాడు కామేశ్వరరావు. "చివర్న సమాప్తం అనండి."

అంది. ముగ్గురూ విన్నారు.

"సినిమా అయిపోయినట్టుంది సార్" అంది నీహారిక.

"నన్ను సాగనంపుతున్నట్టుంది" అంది భూలక్ష్మి. కామేశ్వరరావు కళ్ళజోడు మళ్ళీ నుదుటికెక్కింది.

మధ్యాహ్నం అందరూ కలిసి కేకు కోయించారు. ఎవరో ఆమె ముక్కుకు క్రీము పూస్తే, "ముక్కుపుల్ల పాడైతది, ఆగుండ్రి" అని కసిరి, తనే నవ్వింది. కేకు తిన్న గొంతు జిగురుగా ఉందని డబ్బాలోంచి కరక్కాయ ముక్క తీసి బుగ్గన పెట్టుకుని మళ్ళీ గదిలోకి వచ్చింది.

మైకు ముందు కూర్చుని నీహారిక వైపు తిరిగింది.

"బిడ్డా, మీ నాయిన పడవెక్కేటప్పుడు మీ అమ్మ ఏమంటది?"

"ఏమీ అనదు ఆంటీ. అన్నం క్యారేజీ చేతికిచ్చి తిరిగొచ్చేస్తుంది. వెనక నుంచి పిలవకూడదంట."

"ముంగట నుంచి చెప్తే ఏమాయె? నోరు మూస్కొని పంపుతరా మనిషిని?"

నీహారిక నవ్వింది. "అక్కడికి మీరొచ్చి చెప్పండి."

భూలక్ష్మికి వాళ్ళ అత్త గుర్తొచ్చింది. కొట్టు దాకా పోయేవాణ్ణి కూడా గడపలో నిలబడి ఒక మాట అని పంపేది. భర్త మొగిలి రోజూ పనికి బయల్దేరుతుంటే తనూ అంతే, చేతిలో పిండి ఉన్నా సరే, వాకిట్లోకి వస్తుంది. ఆ మాట అనకుండా ఒక్క మనిషిని కూడా పంపి ఎరగదు. పైలం భయపడ్డప్పటి మాట. ఇది రోజూ అనేది.

కరక్కాయ ముక్క నోట్లోంచి తీసి డబ్బా మూతలో పెట్టింది. "పెట్టు బిడ్డా" అంది.

కబురు మొదటి నుంచి చదివింది. చలి దగ్గర గొంతు కాస్త దించింది. అల్పపీడనం వచ్చింది. దాని వెనకే నాలుక కదలబోయింది. ఆమె ఊపిరి పీల్చుకుని, ఎదురుగా గడపలో ఎవరో క్యారేజీ పట్టుకుని నిలబడ్డట్టు చూస్తూ, నెమ్మదిగా అంది:

"పోయి రాండ్రి."

నీహారిక మిషన్ ఆపింది. కామేశ్వరరావు కాగితం వైపు చూశాడు. అందులో ఆ మాట లేదు.

"ఒడ్డున ఉండమన్నట్టు లేదు కదండీ" అన్నాడు. "వెళ్ళమనే ఉంది."

"రమ్మని గూడ ఉన్నది సార్."

"ఉండనివ్వండి."

నీహారిక ఇంకోసారి వినిపించి, "మా నాన్న 'ఉష్' అన్నాక ఇదొస్తే ఏమంటాడో" అంటూ కళ్ళు తుడుచుకుంది.

"ఏమంటడు? పోతడు. వస్తడు" అంది భూలక్ష్మి. ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, "రేపటి సంది నీ నోటికి ఏ మాటొస్తె గది అను. నాది వల్లె వేయకు" అని చెప్పి, చెప్పులేసుకుంది.

కింద మొగిలి బండి మీద కాళ్ళు ఆనించి ఎదురుచూస్తున్నాడు. "అయిపోయిందా?"

"అయిపోయింది. పా, ఎండ ఉండంగనే పోదాం. మల్ల చలి వెడ్తది."

బండి నార్సింగి దారి పట్టింది. పైన నీహారిక కబురును పంపించి, లైటు ఆర్పబోయి ఆగింది. మైకు పక్కన, స్టీలు డబ్బా మూతలో, పంటి గాట్లు పడిన కరక్కాయ ముక్క ఇంకా తడిగానే ఉంది.