పన్నెండు తలుపులు

నేను బిగించిన తలుపు మూస్తే సందులో వెంట్రుక కూడా దూరదు. గొప్పలు కావు, నలభై ఏళ్ళ వడ్రంగి పని. అక్క వంటింట్లో కప్‌బోర్డులు చేసినప్పుడైతే ఒళ్ళు దాచుకోలేదు. గోడ పొడుగునా పన్నెండు తలుపులు, అన్నీ ఒకే కొలత, ఒకే తెలుపు. పిడి అన్నదే లేదు, వేలితో నొక్కితే తెరుచుకుంటాయి. చూసినవాళ్ళు అది గోడేమో అనుకునేవాళ్ళు. నేను మీసం మెలేసేవాణ్ణి.

ఆ తలుపుల ముందు మా అక్కే దిక్కుతోచక నిలబడుతుందని కలగన్నానా?

అక్క ముప్పై ఏళ్ళు బడిలో ఇంగ్లీషు చెప్పింది. ఏడాదిగా మతిమరుపు. పోయిన నెల పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, చక్కెర కోసం తలుపు తర్వాత తలుపు తెరుస్తూ గిన్నె సంగతే మరిచిపోయింది. గిన్నె మాడి ఇల్లంతా పొగ. దాంతో ఆమె కూతురు, అంటే నా మేనకోడలు, తేల్చి చెప్పేసింది. ఆదివారం వస్తానంది. ఎవరి సాయం లేకుండా అమ్మ టీ పెట్టగలిగితే సరే, లేదంటే పెద్దవాళ్ళను చూసుకునే హోమ్‌లో చేర్పిస్తానంది. దాని భయం దానిది, తప్పుపట్టలేను. కానీ అక్క ఆ ఇల్లు వదిలి బతకదు. అదీ నాకు తెలుసు.

వారమంతా నేను పడని పాట్లు లేవు. తలుపుల మీద పేర్లు రాసి కాగితాలు అంటించాను. నా వంటిల్లు ఏమన్నా ఒకటో తరగతా అని అక్క అన్నీ పీకేసింది. ఎడమ నుంచి మూడోది చక్కెర అని వల్లె వేయించాను. గుమ్మం దాటేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. శుక్రవారం నాడు చక్కెర కోసం ఆరో తలుపు కూడా తెరిచేసరికి నా నోరు ఊరుకోలేదు. కప్‌బోర్డ్ అంటే ఏంటో కూడా మర్చిపోయావా అక్కా అని అరిచాను.

అక్క గిరుక్కున తిరిగింది. నడుం నిటారుగా అయింది.

"ఒరేయ్, నాకా చెప్తున్నావు? కప్ అంటే కప్పు, బోర్డ్ అంటే బల్ల. పూర్వం ఇంగ్లీషువాళ్ళు కప్పులూ పళ్ళేలూ అందరికీ కనబడేలా బల్ల మీద పేర్చుకునేవాళ్ళు. అందుకే ఆ పేరు. అరలూ తలుపులూ తర్వాతెప్పుడో వచ్చాయి, పేరు మాత్రం అదే మిగిలింది."

తాతకు దగ్గులు నేర్పబోయినందుకు నాకు తగిన శాస్తే జరిగింది. కానీ ఇంటికెళ్ళే దారంతా ఆ 'కనబడేలా' అన్న మాటే చెవిలో మారుమోగింది. నిజమే, అక్క మరిచేది కంటికి కనబడని వాటినే. బల్ల మీదుండే కళ్ళజోడు ఏనాడూ వెతుక్కోలేదు.

శనివారం పొద్దున్నే వెళ్ళి పన్నెండు తలుపులూ ఊడదీశాను. ఒక్కో స్క్రూ తిప్పుతూ నన్ను నేనే తిట్టుకున్నాను, అబద్ధమెందుకు. రంగు వేయని అంచులు, తప్పుగా కొట్టి పూడ్చిన చిల్లులు, నేను దాచుకున్న వంకరలన్నీ బయటపడ్డాయి. టీపొడి, చక్కెర, కప్పులు పొయ్యి పక్క అరలోనే పెట్టాను.

ఆదివారం మేనకోడలు ఆ బోసి అరలు చూసి నోరు తెరిచింది. నేను కళ్ళతోనే వారించాను. అక్క నీళ్ళు పెట్టింది, పాలు పోసింది. చక్కెర దగ్గరికొచ్చి ఆగిపోయింది. పాత అలవాటుకొద్దీ వేలితో గాలినే నొక్కింది. అక్కడ తలుపు లేదు. ఎదురుగా చక్కెర డబ్బా ఉంది. తీసుకుంది. మూడు కప్పుల్లో టీ పోసి, పొయ్యి ఆర్పి మరీ వచ్చింది.

మేనకోడలు ఒక గుక్క తాగింది.

"తీపి ఎక్కువైందమ్మా."

"నీకు చిన్నప్పట్నుంచీ అంతేగా కావాలి."

మేనకోడలు తల్లి చెయ్యి పట్టుకుంది. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని, రోజూ సాయంత్రం తానే వచ్చి టీ తాగుతానని చెప్పింది. నేను కండువాతో ముఖం తుడుచుకున్నాను. ఏడుపొచ్చింది మరి.

అక్క అరల వైపు చూసి నన్ను పిలిచింది.

"ఒరేయ్, అసలు కప్‌బోర్డ్ అంటే ఏంటో తెలుసా నీకు?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతా అంటారు. ఆ పూట అది ఎటు పోయిందో.

"తెలీదక్కా, చెప్పు" అన్నాను.