మత్వేయ్ కోసం వెతికించారు

యుద్ధం నాలుగో చలికాలంలో పడ్డాక, మాస్కో శివార్లలోని ఆ రహస్య ప్రయోగశాలలో పని ఒక్కచోట మొండికేసింది. యురేనియాన్ని కరిగించి కడ్డీ పొయ్యాలి. కొలిమిలో పెట్టిన ప్రతిసారీ అది మూసను తినేసి నల్లటి చిట్టెంగా మిగిలేది. జర్మన్లు ముందే బాంబు చేసేస్తారేమోనని పైవాళ్లకు భయం. పైవాళ్లంటే మిగతా అందరికీ భయం.

ఓ సమావేశంలో, అక్కడే పనిచేసే క్సేనియా నోరు జారింది. "దీన్ని శుభ్రంగా పోతపోసిన మనిషి ఒకరున్నారు. మా ఆయన."

గదిలో అందరూ కాగితాల్లోకి తలలు దించుకున్నారు. మత్వేయ్‌ని ఆరేళ్ల కిందట ప్రజాద్రోహి అంటూ పట్టుకెళ్లారు. పదేళ్ల శిక్ష, ఉత్తరాలు రాసే హక్కు లేదు అన్నదొక్కటే ఇంట్లోవాళ్లకు చెప్పారు.

అక్కడ నిఘాకి వేసిన కల్నల్ పొలుషిన్ మాత్రం తాపీగా అడిగాడు. "ఏ శిబిరం?"

"చెప్పలేదండీ. అడిగితే గెంటేశారు."

"ఎక్కడున్నా తెప్పిస్తాను. దేశానికి అవసరం."

ఇంటికెళ్లి అత్తగారు ఉస్తీన్యాతో అంతవరకే చెప్పింది. "ఆయన్ని పిలిపిస్తున్నారు అత్తయ్యా. ఎందుకని మాత్రం అడక్కు."

"నేనెందుకడుగుతానే? అడిగి బాగుపడ్డవాళ్లెవరు ఈ వీధిలో?" అంటూనే ముసలామె దాచిన గోధుమపిండి బయటికి తీసింది. "వాడికి క్యాబేజీ కూరిన పిరోగ్ రొట్టంటే ప్రాణం. పళ్లున్నాయో ఊడాయో, మెత్తగా చెయ్యాలి."

"ఇంకా రాందే?"

"వచ్చాక పిండి కలుపుతూ వాణ్ణి ఆకలితో కూర్చోబెట్టమంటావా? సైన్సు చదివావుగాని సంసారం తెలీదే నీకు!"

ఆరేళ్ల తరవాత ఆ గదిలో ఇద్దరూ కలిసి నవ్వారు.

కల్నల్ మళ్లీ పిలిపించినప్పుడు విసుగ్గా ఉన్నాడు. "లేడు. పట్టుకెళ్లిన నెలకే కాల్చేశారు. తొందరపడ్డారు మావాళ్లు, పనికొచ్చే మనిషిని." పనిముట్టు పారేసుకున్నవాడిలా మాట్లాడాడు. "నువ్వు పక్కనుండి చూశావుగా, గుర్తు తెచ్చుకుని చెయ్యి. ఇదీ రహస్యమే. ఇంట్లో చెప్పకూడదు."

"ఏ నెలలో?"

"మార్చి."

ఆ ఏడాది ఏప్రిల్లో, మే నెలలో కూడా ఆమె జైలు కిటికీ దగ్గర వరసలో నిలబడింది. ఉల్లిపాయలు, ఉన్ని మేజోళ్ల మూట లోపలికి తీసుకున్నారు. మూట తీసుకుంటే మనిషి బతికున్నట్టేనని ఆ వరసలో ఇల్లాళ్లంతా చెప్పుకునేవారు. ప్రతిసారీ ఇంటికి తేలిగ్గా నడిచొచ్చేది.

కొలిమి దగ్గరికి వెళ్లకుండా ఉండటం ఆమె చేతుల్లో లేదు. వెళ్లాక మటుకు, ఇంకెక్కడా దొరకని భర్త అక్కడ దొరికాడు. మూసకు లోపల సున్నం పూసి, చాలా నెమ్మదిగా ఆరబెట్టేవాడు. "ఆగు క్సూషా, నీకన్నిటికీ తొందరే" అని ముద్దుపేరుతోనే కసిరేవాడు. ఆమె వేసిన కొన్ని పూతలు పగిలాయి. ఆయన కలిపే పాళ్లు కొన్ని గుర్తు రాలేదు. ఏడుపొచ్చినప్పుడు పొగ అని సాకు చెప్పింది. ఇంటి దగ్గర అత్తగారు రోజూ "బయల్దేరాడటా?" అంటే, "దూరం కదా అత్తయ్యా" అనేది. కొడుకు కోసం తీసిపెట్టిన పిండిని ముసలామె ముట్టనివ్వలేదు.

మంచు కరిగే వేళకు గట్టి కడ్డీ ఒకటి మూసలోంచి చెక్కుచెదరకుండా ఊడొచ్చింది. కల్నల్ ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. ఏం కావాలో కోరుకోమన్నాడు.

"ఈ పద్ధతికి ఆయన పేరు పెట్టండి."

"ద్రోహి పేరా? మతి ఉందా నీకు? ఆ మాట నేను వినలేదు, నువ్వనలేదు."

ఆ సాయంత్రం క్సేనియా కోటు కూడా విప్పకుండా ముసలామె ముందు మోకాళ్లమీద కూర్చుంది. ఎవరికీ చెప్పనని సంతకం పెట్టి ఉన్నా, తెలిసే చెప్పింది. "ఆయన రారు అత్తయ్యా. మొదటి చలికాలం దాటకముందే పోయారు."

ఉస్తీన్యా కోడలి తల నిమిరింది.

"అయితే వాడికి చలి వెయ్యలేదన్నమాట" అంది. "ఇన్ని చలికాలాలు మంచు పడ్డప్పుడల్లా వాడెక్కడ వణుకుతున్నాడోనని నేనే ఊరికే వణికాను." కోడలి వెక్కిళ్లు పైకి రాబోతుంటే మొహాన్ని తన ఒళ్లోకి అదుముకుంది. "మెల్లిగానే తల్లీ, మెల్లిగా. పక్కగదివాళ్లు వింటారు."