డెల్బర్ట్ నోటి మాట

మా ఒహాయో ఊళ్లో అధ్యక్ష ఎన్నికల సర్వేలను ఎవడూ నమ్మడు. ఆర్డిస్ నడిపే హోటల్లో కాఫీ తాగుతూ ఆమె మొగుడు డెల్బర్ట్‌ని అడుగుతాం. ఆయన ఎవరు గెలుస్తారని చెబితే వాళ్లే ఓడిపోతారు. తొమ్మిది ఎన్నికలుగా ఇది ఒక్కసారీ తప్పలేదు.

ఈసారి ఆర్డిస్ మోకాళ్ల నొప్పులతోనే తన అభ్యర్థి కోసం ఇల్లిల్లూ తిరిగింది. అది చూసి డెల్బర్ట్ మనసు కరిగిపోయింది.

“దిగులు పడకే, మీవాడే గెలుస్తాడు” అన్నాడు అందరి ముందూ.

కాఫీ పోస్తున్న ఆర్డిస్ చెయ్యి ఆగిపోయింది. “కొంప ముంచావు కదయ్యా! ఆ మాట వెనక్కి తీసుకో!”

“సరేలే, చిత్తుగా ఓడిపోతాడు.”

ఆర్డిస్ ఆయన బట్టతల మీద ముద్దుపెట్టి, ‘ఆపిల్ పై’ అనే తీపి వంటకంలోంచి పెద్ద ముక్క కోసి ముందు పెట్టింది.