ఇడెల్లా భుజం ఎంచుకున్న తూటా

ఇడెల్లా బ్రాండ్‌వోల్డ్ కొత్త తుపాకీ చేయించుకుంటోందన్న సంగతి టాల్బట్ క్రీక్ కేఫ్‌లో పొద్దుటి కాఫీకే తెలిసిపోయింది. అది ఏ తూటాకి చేయించుకోవాలో అక్కడి మగవాళ్లు మధ్యాహ్నానికల్లా తేల్చేశారు. ఎవరికి వాళ్లు తేల్చారు. తూటాలకి కొలతలే పేర్లు. ఒకాయన 243 అన్నాడు. ఇంకొకాయన 25-06 తప్ప మిగతావి ఆటబొమ్మలన్నాడు. మా తూర్పు మోంటానాలో చర్చి మార్చుకున్నవాళ్లు ఉన్నారు గానీ, తూటా మార్చుకున్నవాళ్లు తక్కువ.

ఇడెల్లాకి గొర్రెలున్నాయి. ఈ కౌంటీలో ఇంకా గొర్రెలు పెంచుతున్నవాళ్లలో ఆమె ఒకరు. మిగతావాళ్లు పశువులకి మారిపోయారు. మేలో గొర్రెలు బయట గడ్డిలోనే ఈనతాయి. ఈనిన వాసనకి కయోటీలు, నక్కకి పెద్దన్నల్లాంటివి, పిల్లల కోసం వస్తాయి. కాపలా కుక్కలున్నాయి, కానీ కుక్కలు ఒక గుట్ట వైపు పరిగెత్తితే కయోటీ రెండో గుట్ట దిగుతుంది. అందుకే ఈనే రోజుల్లో ఇడెల్లా తెల్లవారకముందే పికప్‌లో గుట్ట మీదికి వెళ్లి కూర్చునేది. ఆమె గురి గురించి కేఫ్‌లో వాదన ఉండేది కాదు.

పోయిన వసంతంలో ఒక పొట్టేలు ఆమెని గేటుకేసి కొట్టింది. కుడి భుజంలో ప్లేటు, మరలు వేశారు. అక్టోబరులో, డాక్టరు సరేనన్నాక, తన పాత 270తో ఒక జింకని కాల్చింది. గుండు కడుపులో తగిలింది. చీకటి పడేదాకా నెత్తురు జాడ పట్టుకుని నడిచి, ఒక వాగు కోతలో దాన్ని పట్టుకుని ముగించింది. ఆ రోజు తర్వాత తుపాకీ ముట్టుకోలేదు.

క్రిస్మస్ భోజనంలో తమ్ముడు గేలెన్‌తో అంది, "ఈనే వేళకి కాల్చలేకపోతే మందని అమ్మేస్తాను. మైల్స్ సిటీ సంతకి ట్రక్కు చెప్పి ఉంచాను."

గేలెన్‌కి పశువులున్నాయి. అక్క గడ్డి భూమి అతని కంచె పక్కనే ఉంది. మంద పోతే ఆ గడ్డి అతని పశువులకి దొరుకుతుంది. అతను బంగాళాదుంపలు వడ్డించుకుంటూ, "తొందరేం లేదులే," అన్నాడు. అన్న తీరు చూసి అతని భార్య టేబుల్ కింద అతని కాలు తొక్కింది.

ఫిబ్రవరిలో అక్కాతమ్ముళ్లిద్దరూ నార్వల్ స్కార్ దగ్గరికి వచ్చారు. నార్వల్ ఇంటి వెనక షెడ్డులో తుపాకులు చేస్తాడు. చుట్టుపక్కల మూడు కౌంటీల నుంచి అతని దగ్గరికి వస్తారు. వేసవికి చేయించుకునేవాళ్లు బొరియల ఉడుతల కోసం, శీతాకాలానికి చేయించుకునేవాళ్లు కయోటీల కోసం. ఇడెల్లాకి రెండు పనులూ ఒకే తుపాకీతో కావాలి: వసంతంలో కయోటీ, అక్టోబరులో జింక.

"ఎంత దూరం కాలుస్తావ్?" అని అడిగాడు నార్వల్.

"గుట్ట మీంచి మూడొందల గజాలు. అంతకి మించి ఉంటే దాన్ని దగ్గరికి రానిస్తా."

"నాకు వారానికొకడొస్తాడు, వెయ్యి గజాలు కొట్టాలని. ఇంటికెళ్లి బీరు డబ్బా తప్ప ఏదీ కొట్టడు."

"నన్ను చూసి చెప్పకు," అన్నాడు గేలెన్.

"నిన్ను చూసే చెప్తున్నా."

నార్వల్ బల్ల మీద ఒక రీమర్ అప్పటికే నూనె తుడిచి పెట్టి ఉంది. బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిని తొలిచే పనిముట్టు అది. ఒక్కో తూటాకి ఒక్కో రీమర్. గది తొలిచాక ఆ తుపాకీ ఇంకో తూటా తీసుకోదు. బల్ల మీదున్నది 257 రాబర్ట్స్ అనే తూటాది. నార్వల్ వాడేది అదే. తన తుపాకులన్నిటిలోనూ అతనికి నచ్చిన తూటా అదే. ఎవరొచ్చినా మొదట దాని గురించే చెప్తాడు.

"రాబర్ట్స్ చాలు నీకు. కయోటీకి తేలిక గుండు, జింకకి బరువు గుండు. మా నాన్న—"

"మీ నాన్న సంగతి పెళ్లి రోజు నుంచీ వింటున్నాం," అంది ఇంటి తలుపులోంచి అతని భార్య ఆర్డిత్. "ముందు ఆమె భుజం చూడు."

నార్వల్ రీమర్ పక్కకి పెట్టాడు. అరమారలోంచి రెండు తుపాకులు తీసి, ఇడెల్లా తెచ్చిన పాత 270 కూడా పట్టుకుని, షెడ్డు వెనక బల్ల దగ్గరికి నడిచాడు. బల్లకి ఎదురుగా వంద గజాల అవతల మట్టి కట్ట, కట్ట మీద కాగితం.

"నేను నింపి ఇస్తాను. నువ్వు వెనక బోల్ట్ తీసి లోపల ఏముందో చూడకు. గురిపెట్టి మీట నొక్కు. అంతే."

ఇడెల్లా కూర్చుంది. 270 అందుకుని భుజానికి ఆనించింది. నొక్కింది. పేలలేదు. టక్కుమంది. తూటా బదులు నార్వల్ ఖాళీ తొడుగు పెట్టాడు.

పేలని తుపాకీ కొస కిందికి ఒక బెత్తెడు దిగింది.

ఆమె దాన్ని చూసింది. నార్వల్ కూడా కాగితాన్ని కాదు, ఆ కొసనే చూస్తున్నాడు.

"తుపాకీ తన్నకముందే భుజం పారిపోతోంది," అన్నాడు నార్వల్. "నీ తప్పు కాదు. దానికి గుర్తుంది."

"అక్టోబరులో జరిగింది ఇదే," అంది ఇడెల్లా. "తర్వాతది ఇవ్వు."

రాబర్ట్స్ ఇచ్చాడు. రెండు సార్లు నిజంగా పేలింది. మూడోసారి టక్కుమంది. కొస దిగింది, బెత్తెడు కాదు, రెండు వేళ్లు. నార్వల్ దాన్ని గోడకి ఆనించాడు. తర్వాత 243. ఒక వేలు. మళ్లీ ఇచ్చాడు. మళ్లీ ఒక వేలు.

చివరికి గేలెన్ తన 22-250 తెచ్చాడు. కౌంటీలో సగంమంది ఉడుతలకీ కయోటీలకీ వాడేది అదే. చిన్న గుండు, ఎక్కువ వేగం, భుజానికి తన్ను తెలియదు. టక్కుమన్నప్పుడు కొస కదల్లేదు. మళ్లీ టక్కు. కదల్లేదు.

"అయిపోయింది!" అన్నాడు గేలెన్. "నేను ముందే చెప్పానా? పదండి, చలికి చెవులు ఊడిపోతున్నాయి."

"కాదు," అంది ఇడెల్లా.

"ఏం కాదు? కదల్లేదుగా?"

"కయోటీకి సరే. జింకకి ఈ గుండు నాకు చాలదు."

"చాలామంది కొడుతున్నారు."

"చాలామంది కొడుతున్నారు. వాళ్లలో కొందరి వెనక నేను నెత్తురు జాడ చూశాను. అక్టోబరులో నా వెనక కూడా చూశాను. ఇంకోసారి చూడను. తగిలితే పడాలి, లేకపోతే నేను కాల్చను."

"కాల్చకపోతే మంద పోతుందే!"

"పోనీ."

అక్క చెప్పింది గేలెన్‌కి లాభమే. అయినా ఆ క్షణంలో అతను లాభపడినవాడిలా కనిపించలేదు.

నార్వల్ షెడ్డులోకి కాదు, ఇంట్లోకి వెళ్లాడు. వంటింటి తలుపు వెనకనుంచి కింద ఉన్న లీవర్ తిప్పి తూటా ఎక్కించే ఒక పాత తుపాకీ పట్టుకొచ్చాడు. వెనకాలే ఆర్డిత్ వచ్చింది, చేతులకి పిండితో.

"ఎవర్ని అడిగి తీశావ్?"

"నిన్నే అడగబోతున్నా."

"తీశాక అడగడం నీకు అలవాటే. ఇడెల్లా, అది నాది. 250 సావేజ్ తూటాది. మా అత్త నాకిచ్చింది. దీంతో నేను కొట్టిన జింకలు ఈయన రాబర్ట్స్‌తో కొట్టినవాటికంటే ఎక్కువ. ఈయన ఆ మాట కేఫ్‌లో చెప్పడు."

"నానమ్మల తూటా," అన్నాడు గేలెన్. "ఇప్పుడెవరు వాడుతున్నారది?"

"నానమ్మలకి భుజం నొప్పి ఉండదనుకున్నావా?" అంది ఆర్డిత్.

నార్వల్ నింపి ఇచ్చాడు. మొదటిది పేలింది. శబ్దం 243 కంటే మెత్తగా ఉంది. రెండోది టక్కుమంది. కొస కదల్లేదు. మూడోది పేలింది. నాలుగు, ఐదు టక్కుమన్నాయి. కొస ఉన్నచోటే ఉంది. నార్వల్ కాగితం వైపు తిరిగి చూశాడు. రెండు చిల్లులు, మధ్యలో చిన్న నాణెమంత ఎడం.

ఇడెల్లా తుపాకీని బల్ల మీద పెట్టి, కుడి భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకుంది. "దీన్నుంచి పారిపోవడం లేదు," అంది. భుజం గురించి వేరే మనిషి గురించి చెప్పినట్టు చెప్పింది.

"ఇదే తూటాకి చేస్తాను," అన్నాడు నార్వల్. "బోల్ట్ తుపాకీ, దుర్భిణి, కాస్త బరువు బ్యారెల్. పాతవాటిలో బ్యారెల్ లోపల గుండుని తిప్పే గాట్లు నిదానంగా తిరుగుతాయి, తేలిక గుండుకి మాత్రమే సరిపోతాయి. నేను గాట్లకి ఇంకాస్త మెలిక వేయిస్తాను. వంద గ్రెయిన్ల బరువు గుండు కూడా తిన్నగా పోతుంది. మూడొందల గజాల్లో జింక ఎక్కడికీ పోదు."

"అంతా బాగుంది," అన్నాడు గేలెన్. "తూటాలెక్కడివి? మైల్స్ సిటీలో ఏ కొట్లోనూ 250 సావేజ్ పెట్టె చూడలేదు నేను. చంద్రుడి మీదనుంచి తెస్తావా?"

ఇడెల్లా తన తూటాలు తనే నింపుకుంటుంది, శీతాకాలం సాయంత్రాలు వంటింటి బల్ల మీద. కానీ మందూ గుండూ నింపడానికి ఆ కొలత ఇత్తడి తొడుగు ఉండాలి.

నార్వల్ నడిచి వెళ్లి గేలెన్ పికప్ తలుపు తీశాడు. లోపల కాళ్ల దగ్గర కాగితం గ్లాసులు, ఒక చేతి తొడుగు, కంచె మేకులు. వాటి మధ్య పేలిన ఇత్తడి తొడుగులు గుప్పెళ్లకొద్దీ. అతను ఒక గుప్పెడు ఏరి షెడ్డులోకి తెచ్చాడు.

"నీ 22-250 ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా?"

"కొట్లోనుంచి."

"250 సావేజ్ తొడుగు మెడ బిగించి చేశారు దాన్ని. బిగించిన మెడని మళ్లీ తెరవొచ్చు."

ఒక తొడుగుని శుభ్రం చేసి, మెడకి కాస్త మైనం పూసి, ప్రెస్సులో పెట్టి దాని పిడి కిందికి దింపాడు. మొన సన్నగా ఉన్న ఒక ఉక్కు మేకు మెడలోకి దిగి, పైకి వచ్చింది. తొడుగు మెడ లావైంది. దాన్ని ఆర్డిత్ తుపాకీలో పెట్టి లీవర్ మూశాడు. కొద్దిగా బిగువుగా, కానీ మూసుకుంది.

"ఒకసారి పేలిస్తే గది ఆకారానికి సర్దుకుంటుంది," అన్నాడు. "ఆ తర్వాత ఎన్నో సార్లు నింపుకోవచ్చు."

గేలెన్ ఆ తొడుగుని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంటే నేను పారేసిన చెత్తతో ఈవిడ గొర్రెల్ని కాస్తుందా?"

"నువ్వింకా పారెయ్యి," అంది ఇడెల్లా. "ఉడుతలకి నువ్వు ఎన్ని కాలుస్తావో నాకు తెలుసు. ఎన్ని తగుల్తాయో కూడా తెలుసు."

ఆర్డిత్ పిండి చేతులతోనే నవ్వి లోపలికి వెళ్లింది. నార్వల్ రాబర్ట్స్ రీమర్‌ని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టాడు. సొరుగు అడుగునుంచి 250 సావేజ్ రీమర్ తీశాడు. దాని మీది నూనె ఎండి గోధుమ రంగు పొరైంది. దాన్ని అతను సాయంత్రందాకా శుభ్రం చేశాడు.

తుపాకీ ఏప్రిల్‌లో తయారైంది. మందని సంతకి తీసుకెళ్లే ట్రక్కు రావడానికి ఇంకా కొద్ది రోజులే ఉంది. నార్వల్ దాన్ని పికప్‌లో పెట్టుకుని ఇడెల్లా గేటు దగ్గరికి వచ్చాడు. గేలెన్ కంచె బాగు చేస్తున్నాడు. సుత్తి పడేసి వచ్చాడు.

ఇడెల్లా తుపాకీని చేతిలోకి తీసుకుంది. వాల్‌నట్ చెక్క మీద ఒకసారి చెయ్యి పెట్టి, తీసింది. నార్వల్ తూటాలు నింపబోతే ఆపింది.

"నువ్వు కాదు. వాడు నింపుతాడు."

"నేనా?" అన్నాడు గేలెన్.

"నార్వల్‌కి తను చేసిన తుపాకీ మీద ప్రేమ. నీకు నా గడ్డి మీద ప్రేమ. నువ్వు నాకోసం అబద్ధం ఆడవు."

గేలెన్ మెడ ఎర్రబడింది. "గడ్డి కావాలని నేనెప్పుడన్నాను?"

"క్రిస్మస్‌కి. బంగాళాదుంపలతో."

అతను తుపాకీ తీసుకుని వెనక్కి తిరిగాడు. ఏది పెట్టాడో ఇద్దరికీ కనపడలేదు. ఇడెల్లా పికప్ బానెట్ మీద దాణా మూట వేసి, దాని మీద తుపాకీ ఆనించింది. అవతలి వాలు మీద ఒక బల్లచెక్క నిలబెట్టి ఉంది. నొక్కింది. టక్కుమంది. కొస కదల్లేదు.

గేలెన్ మళ్లీ నింపాడు. టక్కు. కొస కదల్లేదు. మళ్లీ నింపాడు. టక్కు.

"ఎన్నిసార్లు ఖాళీవే పెడతావ్?" అన్నాడు నార్వల్.

"నన్ను నింపమంది కదా. నా ఇష్టం."

నాలుగోసారి పేలింది. వాలు మీది చెక్క వెనక్కి పడింది. పేలినప్పుడూ, పేలకముందూ, ఇడెల్లా భుజం ఒకే చోట ఉంది. ఆమె తల ఎత్తకుండానే బోల్ట్ లాగింది. తొడుగు ఎగిరి గేలెన్ బూట్ల దగ్గర బురదలో పడింది.

ఆ వాలు వైపు గేలెన్ కాసేపు చూశాడు. అక్కడ పెరిగే గడ్డి ఎంత లోతుకి వేళ్లు వేస్తుందో అతనికి బాగా తెలుసు. తర్వాత వంగి తొడుగు తీసి, ప్యాంటుకి తుడిచి, అక్క కోటు జేబులో వేశాడు.

"ట్రక్కు వాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పు," అన్నాడు. "నే చెప్తే నమ్మడు."

ఆ మే నెలలో మా కౌంటీలో కయోటీలకి గొర్రెపిల్లలు పోని మందంటూ లేదు. ఇడెల్లాకీ పోయాయి, కొన్ని. మంద మాత్రం ఉంది. ఆమె గేటు కర్రకి ఇప్పుడొక కాఫీ డబ్బా వేలాడుతోంది. గేలెన్ ఉడుతలు కొట్టి ఇంటికి వెళ్తూ అక్కడ పికప్ ఆపుతాడు. పికప్ అడుగున పడ్డ తొడుగులు ఏరి డబ్బాలో వేస్తాడు. కాగితం గ్లాసులు మాత్రం ఇంకా పికప్‌లోనే ఉంటాయి.