బ్రేకు మీద చుక్క

కూతురి కోసం పదిహేనేళ్ల పాత కారు కొన్ననాడే ల్యాబ్ మాస్టారు దాని పోషణకొక పద్దు రాసుకున్నారు. కాలేజీలో ముప్ఫయ్యేళ్లు భౌతికశాస్త్ర ప్రయోగశాల నడిపిన మనిషి. లెక్క తేలనిదే అడుగు వెయ్యరు. నెలనెలా పింఛనులో పదోవంతు బండికి. ముందు బ్రేకులు, తరవాత టైర్లు, ఆపైన ఆయిలు, ఏమైనా మిగిలితే ఏసీ. చవకగా వచ్చిన కారుకు మిగతా ధర మరమ్మతుల పేరుతో వాయిదాల్లో కట్టాల్సిందేనని భార్యకు ముందే చెప్పి ఉంచారు.

నాలుగో నెలలో, ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయన్నాడు మెకానిక్. కూతురు నర్సు. వచ్చే సోమవారం నుంచి ఆమెకు కొండ అవతలి ఆసుపత్రిలో డ్యూటీ; రోజూ ఆ వాలు దిగాలి. డబ్బు ఇస్తే ఇస్తాం, పని నిజంగా జరిగిందని తేలేదెలా? మాస్టారు కూతురి గోళ్లరంగు సీసా తెచ్చి, చక్రం సందుల్లోంచి సన్నని కుంచె దూర్చి, పాత ప్యాడ్ల వెనక రేకు మీద ఎర్రచుక్కలు పెట్టారు. నాలుగు రోజులు తిరిగాక, గురువారం బండి షెడ్డుకు వెళ్లింది.

సాయంత్రం మెకానిక్ పాత ప్యాడ్లను కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఒక్కదాని మీదా చుక్క లేదు.

“చెవిలో పువ్వు పెట్టాడు,” అన్నారు మాస్టారు ఇంటికొచ్చి. “ఎవరి బండివో నా చేతిలో పెట్టి పంపాడు.”

“బండిలో ఉన్నవాటికి చుక్కుందా నాన్నా?” అంది కూతురు.

“లేదు. తుడిచేసుంటాడు, గుండెలు తీసిన బంటు.”

“కూర్చుని చుక్కలు తుడిచే ఓపికున్నవాడు కొత్తవే వేసేవాడుగా!” వంటింట్లోంచి భార్య అందుకుంది.

“అది కాదు నాన్నా. ఈ నాలుగు రోజులూ బండి ఆపాక చక్రం దగ్గర చెయ్యి పెట్టలేకపోయాను. ఆ వేడికి గోళ్లరంగు నిలుస్తుందా? చూశారా?”

చూడలేదు. ‘ముందు పరికరాన్ని పరీక్షించావా?’ అని వందలాది రికార్డు పుస్తకాల్లో ఎర్రసిరాతో రాసిన మనిషి తన పరికరాన్ని పరీక్షించలేదు. ఒక పాత ప్యాడ్‌కు చుక్కపెట్టి, ఆరాక పెనం మీద కాల్చారు. రంగు మాడి, పొక్కి, గోరు తగలగానే రాలిపోయింది.

“నా పెనం పోతే పోయింది, పాపం అతను మంచివాడని తేలింది,” అంది భార్య.

“తేలలేదు. నా చుక్క సాక్ష్యానికి పనికిరాదని తేలింది. అంతే.”

ఆదివారం పొద్దున్నే బండి తీసుకుని షెడ్డుకు వెళ్లారు. మెకానిక్ ఒక్కడే ఉన్నాడు.

“ముందు చక్రాలు విప్పి చూపించాలి.”

“మొన్న చేసినవేగా? నా మీద నమ్మకం లేదా మాస్టారూ?”

“ఉంటే సెలవురోజు ఎందుకొస్తాను?”

“విప్పుతాను. కానీ అనుమానానికి కూడా కూలి పడుతుంది.”

టైర్ల కోసం దాచినదాంట్లోంచి కూలి ఇచ్చారు. తెచ్చుకున్న కాలిపర్స్‌తో ఒక్కొక్క ప్యాడ్ మందం కొలిచారు. నాలుగూ కొత్తవే. కాలిపర్స్ తుడిచి సంచిలో పెట్టుకుంటుండగా, ఎడమ చక్రం వెనక చూస్తున్న మెకానిక్ పిలిచాడు. బ్రేకు ఆయిలు వెళ్లే రబ్బరు గొట్టం మీద వెంట్రుకంత పగులు. దాని చుట్టూ తడి.

“ఇది గురువారం లేదా?”

“ఉండే ఉంటుంది. నేనే చూళ్లేదు. తప్పు నాది. గొట్టం ఖరీదివ్వండి చాలు, కూలి వద్దు.”

మాస్టారి అనుమానం రెట్టింపైంది. మోసగాడు సాకులు చెబుతాడు. ఇంత తేలిగ్గా తప్పొప్పుకునేవాణ్ణి ఏ లెక్కలో వెయ్యాలి? ఇప్పుడే గీరి చూపిస్తున్నాడా? వంగి, కళ్లజోడు సర్దుకుని చూశారు. పగులు లోతంతా మట్టి పేరుకుని ఉంది. ఇవాళ్టిది కాదు. రేపు కొండ దిగుతుండగా అది పూర్తిగా తెగితే...

“మార్చు,” అన్నారు. ఈ ఏడాదికి ఏసీ లేదు.

గొట్టం మార్చాక లోపల చేరిన గాలి తియ్యాలి. “మీరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి మాస్టారూ. నేను వదలమనేదాకా వదలకూడదు.”

“నువ్వు తొక్కు, నేనిక్కడుండి చూస్తాను.”

“మరి గాలి వదిలే మర ఎంత తిప్పాలో మీకు తెలుసా?”

తెలియదు. వెళ్లి కూర్చున్నారు. అక్కణ్ణుంచి చక్రం కనబడదు, మెకానిక్ కనబడడు. గొంతు ఒక్కటే వినిపిస్తోంది.

“తొక్కండి... పట్టుకోండి... వదలండి.”

మొదటిసారి పెడల్ మెత్తగా నేలకంటా దిగిపోయింది. ఏడోసారి అది సగంలోనే ఆగి, పాదాన్ని గట్టిగా ఎదిరించింది.

“ఎలా ఉంది మాస్టారూ?”

“గట్టిపడింది.” పాదం పెడల్ మీంచి తియ్యలేదు. “అయినా ఇంకోసారి చూద్దాం. చెప్పు, ఎప్పుడు తొక్కమంటావు?”