ఎడమచూపు దీపం

గుండ్రటి గాజు ముఖం, దాని వెనక తళతళలాడే గిన్నె, మధ్యలో ఒక బల్బు. అంతే నేను. నేనొక మోటార్‌సైకిల్ హెడ్‌లైటుని. పుట్టుకతోనే నాది ఎడమచూపు.

అది లోపం కాదు. మన దేశంలో బండ్లు రోడ్డుకి ఎడమపక్కన నడుస్తాయి. అందుకని నా గాజుమీద గీతలు అచ్చు వేసినప్పుడే ఒక ఏర్పాటు చేశారు. డిమ్ చేసినప్పుడు నా వెలుగు కుడివైపు నేలమీదే అణిగి ఉంటుంది, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడదు. ఎడమవైపు మాత్రం కాస్త పైకి లేచి రోడ్డంచున నడిచే మనిషినీ గేదెనీ చూపిస్తుంది. నా మొదటి యజమాని ఒక పశువుల డాక్టరు. పదేళ్లలో ఆయన నన్ను తుడిచింది రెండుసార్లు, రెండూ ఆయుధపూజ నాడే. అదీ బొట్టు పెట్టడానికి.

తర్వాత నన్ను, బండితో సహా, పేరూరి సువర్చల కొన్నది. కాకినాడలో ఆమెది డ్రైవింగ్ స్కూలు. ఇరవై రెండేళ్లుగా "ఎడమకి, ఎడమకి! రోడ్డు మీ మావగారిదా?" అని అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది. ఒకరోజు నేర్చుకోవడానికి వచ్చిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన, "ఇంతమందికి నేర్పారు కదా మేడంగారూ, మీరు ఎక్కడెక్కడికి వెళ్లారేంటి?" అని మామూలుగా అడిగాడు. ఆమె ఆలోచించింది. తుని దాటి ఎప్పుడూ బండి నడపలేదు. ఆ సాయంత్రమే గోడమీది క్యాలెండరులో మంచుకొండల బొమ్మ కింద ఏ దేశమో చదివింది. జార్జియా. బండితో అక్కడికి వెళ్లడానికి ఎనిమిది నెలల్లో కాగితాలన్నీ సిద్ధం చేసుకుంది!

అక్కడ కుడిపక్కన నడపాలి. ఆ సంగతి తెలిసి మెకానిక్ ఖాసిం నా వంక చూసి తల పంకించాడు.

"మీరు కుడికి మారతారండి, కానీ ఈ లైటు మారదు కదండీ. పైకి లేచే వెలుగు సరాసరి ఎదుటోడి కళ్లల్లో కొడతది."

"మరి ఏం చేద్దాం?"

"ఆ లేచే ముక్కని మూసేద్దామండి."

బండిని గోదాము గోడ ముందు పెట్టి నన్ను వెలిగించారు. గోడమీద నా వెలుగు పరుచుకుంది, ఎడమవైపు తోకలా పైకి లేచింది. ఖాసిం నా గాజుమీద వేలు జరుపుతూ పోయాడు. ఒకచోట తోక మాయమైంది. అక్కడ వేడికి తట్టుకునే టేపు ముక్క కత్తిరించి అంటించాడు. "రోజూ ఓసారి చూసుకోండి మరి," అన్నాడు. "ఆయ్, అలాగే," అంది సువర్చల. బండి ఎక్కేముందు లైట్లు చూసుకోవాలని వేలమందికి చెప్పిన మనిషికి ఇంకొకరు చెప్పాలా!

నెలకి పైగా ఓడలో ఉన్నాను. ఉప్పుగాలి టేపు జిగురుని మెల్లగా తినేసింది. విమానంలో వచ్చిన సువర్చల రేవులో నన్ను దించుకున్నాక మూడు రోజులు ఎండలో తిరిగాం. కొండలు, ద్రాక్షతోటలు, కుడిపక్కన బండి! ఆమె హెల్మెట్ లోపల ఒకటే కేకలు. ఆ ఆనందంలో నన్ను చూసుకోవడం మరిచింది. నాలుగోరోజు వానకి టేపు ఊడి ఎక్కడో పడిపోయింది. నాకు తెలుసు. కానీ నోరు లేదు.

ఆ మధ్యాహ్నం మంచు కమ్మిన కొండదారిలో ఒక ఇరుకు సొరంగం వచ్చింది. లోపలికి కాస్త దూరం వెళ్లామో లేదో ఎదురుగా మినీబస్సు. నా తోక వెలుగు నేరుగా డ్రైవరు కళ్లలో పడింది. అతను చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. బస్సు పక్కకి వంగింది, దాని పక్క అద్దం గోడకి రాసుకుని పగిలింది. కీచుమంటూ ఆగింది. సువర్చల బ్రేకు మీద నిలబడిపోయింది. రెండు బండ్ల మధ్యా జానెడు దూరం!

ఇద్దరూ బండ్లని సొరంగం బయటికి తెచ్చారు. డ్రైవరు అరవై దాటిన మనిషి. జేబుమీద ఇంగ్లీషులో గోచా అని కుట్టి ఉంది. అరుస్తూ దిగాడు.

"నాదేనండీ తప్పు, నాదే!" అంది సువర్చల తెలుగులోనే. బస్సులో ఏడుగురు ఉన్నారు. అందులో ఒకామె ఒళ్లో పసిపిల్ల.

ఆమె నా గాజు చూపించింది, ఊడిపోయిన టేపు తాలూకు జిగురు మరక చూపించింది. చేతులు ఎడమకి, కుడికి తిప్పి చెప్పింది. అతను అరవడం ఆపాడు. వంగి చూశాడు. అర్థమైంది.

మంచు మసకలో కొండవార గోడమీద నా వెలుగు స్పష్టంగా పడింది. సువర్చల గోడ దగ్గర నిలబడింది. గోచా నా ముఖం మీద వేలు జరిపాడు.

"కిందికి... ఇంకొంచెం... ఆగండాగండి! అక్కడే!"

తెలుగు ఒక్క ముక్క తెలియకపోయినా అతను సరిగ్గా అక్కడే ఆగాడు. ఆమె మందుల సంచిలోంచి ప్లాస్టరు తీసి అంటించింది. తెల్లటి ప్లాస్టరులోంచి వెలుగు ఇంకా కారుతోంది. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, హ్యాండుబ్యాగులోంచి కాటుక తీసి దానిమీద దట్టంగా పులిమింది. గోచా పగలబడి నవ్వాడు.

కానీ సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? గోచా ప్రయాణికులని దింపాడు. బస్సుని వెనక్కి తిప్పాడు. తాను సొరంగం అవతలికి వెళ్లి అటునుంచి వస్తాననీ, ఆమెని ఇటునుంచి రమ్మనీ సైగ చేశాడు. ఇందాక చావు తప్పించుకున్న మనిషి, మళ్లీ నా ఎదుటికే వస్తానంటున్నాడు!

సువర్చల బండి ఎక్కింది. "పడకు తల్లీ, ఆయన కళ్లల్లో పడకు," అంది నాతో. సొరంగంలోకి దూకాం. దూరంగా రెండు దీపాలు. దగ్గరవుతున్నాయి. ఇంకా దగ్గర. నేను నేలనే పట్టుకున్నాను, బుద్ధిగా, ఊపిరి బిగబట్టినట్టు. గోచా ముఖం కనబడింది. చెయ్యి పైకి లేచింది. అడ్డం పెట్టుకోవడానికి కాదు, ఊపడానికి! హారను మోత సొరంగమంతా మారుమోగింది. బయట ఆ ఏడుగురూ చప్పట్లు కొడుతున్నారు. సువర్చల ఏడ్చింది, నవ్వింది. మిగిలిన ప్లాస్టరుతో అతని పక్క అద్దం అతికించాకే కదిలింది.

ఆ తర్వాత పంతొమ్మిది రోజులు తిరిగాం. ఏ ఒక్కరూ మమ్మల్ని చూసి కళ్లు మూసుకోలేదు.

ఇప్పుడు కాకినాడలో నా ఉద్యోగం మారింది. బండి స్కూలు షెడ్డులోనే ఉంటుంది. కొత్తగా ఎవరు వచ్చినా, చేతికి స్టీరింగు ఇవ్వకముందే, సువర్చల వాళ్లని నా ఎదురుగా స్టూలు మీద కూర్చోబెడుతుంది. డిమ్ తీసేసి నన్ను నిండుగా వెలిగిస్తుంది. వాళ్లు ఉలిక్కిపడి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంటారు.

"కనబడుతోందా ఏమైనా?" అని అడుగుతుంది.

"లేదండీ!"

"సరే. ఇప్పుడు లేచి రండి, నడపడం నేర్పుతాను."