ఎడమ చేతి మొక్కు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి తల్లీ. ఆ ఫోన్లు పక్కన పెట్టండి, అవి ఎక్కడికీ పారిపోవు. జమ్మలమడుగు ప్రసూన సంగతి చెబుతాను. సగం విని లేచిపోయేటట్లయితే ఇప్పుడే చెప్పండి, నేను నోరు కట్టుకుంటాను.

ప్రసూన పుట్టిల్లు పులివెందుల. మొగుడు ఫణికుమార్ జమ్మలమడుగులో గుమాస్తా. వాళ్ల ఇంటి గోడకు అవతల జమీలా కాపురం. ఆమె మొగుడు కువైట్‌లో ఉంటాడు, ఈమె ఇంట్లో మిషను పెట్టుకుని రవికెలు కుడుతుంది. ఆ గోడ మీదుగా ఇటు నుంచి ఊరగాయ పోయేది, అటు నుంచి సేమ్యా వచ్చేది. ప్రసూనకు అక్కాచెల్లెళ్లు లేరు. ఉన్నా జమీలా అంత దగ్గరయ్యేవాళ్లు కాదేమో.

ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గోలీకాయంత గడ్డ ఆమె చేతికి తగిలింది. మొగుడికంటే ముందు జమీలాకే చెప్పుకుంది. ముగ్గురూ కలిసి పెద్దాసుపత్రికి పోయారు. పరీక్షలన్నీ అయ్యాక ప్రసూనను బయట బల్ల మీద కూర్చోబెట్టి, ఆ ఇద్దరే డాక్టరమ్మ గదిలోకి పోయారు. వచ్చేటప్పుడు ఇద్దరి మొహాలూ కడిగిన పలకల్లా ఉన్నాయి.

"గడ్డ తీసేస్తే సరిపోతాదంట," అన్నాడు ఫణికుమార్.

ఆపరేషను గదిలోకి తీసుకుపోయేటప్పుడు ప్రసూన కళ్లు మూసుకుని తన పుట్టింటి వీధి గంగమ్మను తలుచుకుంది. 'తల్లీ, ఇది ఆ పాడు జబ్బు కాకుంటే, కోసిన పక్క చేతికే నీ పేరు పచ్చబొట్టు పొడిపించుకుంటాను' అని మొక్కింది. వాళ్ల పుట్టింట్లో దానికి మించిన మొక్కు లేదు. ఆఖరి రోజున గాజులు, తాళి అన్నీ తీసేస్తారు కానీ పచ్చబొట్టు మాత్రం మనిషితో పాటు పోతుందని వాళ్లమ్మ అంటుండేది. వాళ్లమ్మ చేతి మీదా గంగమ్మ పేరే ఉండేది. ఆ చేత్తోనే అన్నం కలిపి పెట్టేది.

తెలివి వచ్చాక ప్రసూన అడిగిన మొదటి మాట, "ఏమన్నారయ్యా?"

"కొవ్వు గడ్డంట. తీసి పారేసినారు."

"మరి సంక కింద ఈ కుట్లేంది?"

"దాని యేర్లు ఆడిదాకా పోయినాయంట. అవీ పీకేసినారు."

ప్రసూన జమీలా వైపు చూసింది. జమీలా తల ఊపింది. అంతే, ప్రసూన నమ్మేసింది. మొగుడి మాట మీద ఏ మూలనైనా అనుమానం మిగిలి ఉంటే, ఆ తల ఊపుడుతో అదీ పోయింది.

ఇంటికి వచ్చాక ఆమెను చూసుకున్న తీరు చెప్పుకోవలసిందే. ఎడమ చేత్తో బిందె ఎత్తబోతే ఫణికుమార్ పరిగెత్తుకుని వచ్చి అందుకునేవాడు. రక్తపోటు చూసే అమ్మాయి పట్టీ తీసుకుని వస్తే ఆయనే ముందుగా భార్య కుడి చెయ్యి చాపించేవాడు. గాజులామె వస్తే, ఎడమ చేతికి వదులు గాజులే తొడగమని జమీలా పక్కన నిలబడి చెప్పేది. ప్రసూన రవికెలకు ఎడమ చెయ్యి కొంచెం వదులుగా కుట్టేది, అడగకుండానే. రోజూ వేసుకునే మాత్ర ఒకటి ఉంటే, అది బలానికన్నారు.

"నన్నింతగా సూసుకుంటాండారు. నేనేం పుణ్యం చేసుకున్యానో," అనేది ప్రసూన.

కుట్లు మానాయి. చెయ్యి పైభాగం లోపలి పక్కన మాత్రం మొద్దుబారిపోయింది. గిల్లినా తెలియదు. ఉగాది దగ్గర పడుతుందనగా ఆమె మొక్కు సంగతి ఎత్తింది.

"గంగమ్మ జాతరకు ముందే పచ్చబొట్టు పడాల. ఎడమ చేతికి."

ఫణికుమార్ చేతిలో కాఫీ గ్లాసు అట్లాగే నిలిచిపోయింది. "ఇప్పుడు మూఢం గదే. పోనీ, తర్వాత సూద్దాం."

"నువ్వెప్పట్నించి మూఢాలు సూస్తాండావు? పెండ్లి ముహూర్తం దాటిపోతాంటే టిఫిను తింటా కూచున్నోడివి."

"అయితే కుడి చేతికి ఏయించుకో," అంది జమీలా గోడ మీద నుంచి. "అమ్మోరు కాదంటాదా యాడైనా?"

"ఎడమకు మొక్కి కుడికి తీరిస్తే మోసం కాదా జమీలా? మనుషుల్ని చేయొచ్చేమో గానీ అమ్మోరిని ఎట్ల చేస్తాం?"

జమీలా గోడ దగ్గర నుంచి లోపలికి పోయింది. ప్రసూన మాత్రం రోజూ అదే పాట పాడింది. ఏదో ఒక సాకు చెప్పి వాయిదా వేస్తూ వచ్చిన ఫణికుమార్, ఒక పొద్దున ఉన్నట్టుండి సరేనన్నాడు.

"జమీలా వాళ్లక్క కొడుకు అన్సర్ ప్రొద్దుటూరులో మిషనుతో ఏస్తాడంట. చెయ్యి లోపలి పక్కన ఏయించుకో. మొద్దుబారింది గదా, నొప్పి తెలీదు."

ఎంత మంచి ఆలోచన చేశాడో అని ప్రసూన మురిసిపోయింది.

అన్సర్ అంగట్లో ముందు పక్క బండ్ల నంబరు పలకలు రాస్తాడు, వెనక పక్క పచ్చబొట్లు వేస్తాడు. ప్రసూనకు సూదంటే చిన్నప్పటి నుంచీ భయం. కుర్చీలో కూర్చుని మొహం గోడకు తిప్పుకుంది. మిషను బుయ్యిమని మోగింది. జమీలా పక్కన నిలబడి తన అరచేత్తో ఆమె కళ్లు మూసింది.

"సూడొద్దక్కా. అయిపోతాది."

"ఏమీ తెలీడంలేదే. పొడుస్తాండాడా?"

"పొడుస్తాండా పిన్నీ, కదలొద్దు," అన్నాడు అన్సర్.

జమీలా చెయ్యి తీసేసరికి గంగమ్మ పేరు నల్లగా, గుండ్రంగా, అందంగా కనిపించింది. రక్తపు చుక్క లేదు, వాపు లేదు. అమ్మోరి చల్లని చూపు అనుకుంది ప్రసూన. జమీలా కళ్లలో నీళ్లు చూసి, తన కోసమే అనుకుంది. అది నిజమే. ఎందుకోసమన్నదే ఆమెకు తెలియదు.

జాతరకు పులివెందుల పోయింది. వదిన నీళ్లు తోడి పెట్టింది. తలంటుకుని, తుడుచుకుని, కొత్త రవికె తొడుక్కోబోతూ చెయ్యి పైకెత్తి చూసుకుంది. మొదటి అక్షరం లేదు. మిగిలినవి ఎండిపోయిన టీ మరకలా ఉన్నాయి. తడి తువ్వాలుతో తుడిస్తే అవి కూడా పొట్టులా లేచి వచ్చాయి.

ప్రసూన ఆ రోజు గుడికి పోలేదు. కడుపులో నొప్పి అని చెప్పి పడుకుంది. తిరిగి వచ్చేటప్పుడు, అరటి గెలల లారీల మధ్యన ఇరుక్కుని బస్సు నడిచినంత సేపూ చీర చెంగుతో ఆ చెయ్యి కప్పుకునే కూర్చుంది. పచ్చబొట్టు చెరిగిపోవడం ఎవరైనా విన్నారా? అమ్మోరే తన పేరు తానే వెనక్కి తీసుకుందంటే, ప్రసూన ఇక బతకదన్నట్టే గదా.

ఇంటికి వచ్చాక అన్నం సగంలో వదిలేసి లేవడం మొదలుపెట్టింది. జమీలా గోడ దగ్గరికి పిలిచింది.

"ఏందక్కా అట్ల ఐపోతాండావు? ఏం తిన్యావు పొద్దున్నుంచి?"

ప్రసూన చెయ్యి చూపించింది. "అమ్మోరు నా మొక్కు తీసుకోలే. నేనింగ బతకను జమీలా. నా చీరలు నువ్వే కట్టుకో, పారేయొద్దు."

జమీలా మొహం తెల్లబోయింది. గోడ చుట్టూ తిరిగి వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూలబడింది.

"అమ్మోరు కాదక్కా. అది సూదితో ఏసింది కాదు. గోరింటాకు లెక్క పూసే రంగు. మిషను ఊరికే తిప్పినాడు వాడు."

"ఎందుకు?"

"ఆ చేతికి సూది తగలకూడదని డాక్టరమ్మ సెప్పింది. సంకలో అందరికీ ఉండే సిన్న గడ్డలన్నీ తీసేసినారు. నీకొచ్చింది ఆ జబ్బేనక్కా. గడ్డల్లోకి పాకలే, నువ్వు బాగుంటావు. కానీ వచ్చింది అదే. మీ ఆయన మా పిల్లోడు ఉమైర్ మీద ఒట్టేయించుకున్యాడు సెప్పొద్దని."

 ప్రసూన వదులు గాజులు చూసుకుంది, వదులు రవికె చెయ్యి చూసుకుంది. ఇన్నాళ్లూ ప్రేమనుకున్నవన్నీ ఒక్కొక్కటిగా తలకిందులయ్యాయి. ప్రేమ లేకపోలేదు తల్లీ. ఆమెకు మాత్రం అందులో తన చెయ్యి పట్టుకున్నవాళ్లు కనిపించలేదు, తన కళ్లకు గంత కట్టినవాళ్లు కనిపించారు.

"ఆయన అబద్ధం సెప్పినాడు, సరే. నా కండ్లు మూసింది నీ చెయ్యే గదా జమీలా."

జమీలా లేచి, గోడ చుట్టూ తిరిగి ఇంటికి పోయింది.

సాయంత్రం ఫణికుమార్ వచ్చి చెప్పులు విడవకముందే అడిగింది. అతను గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. "మా అమ్మ ఆ జబ్బు పేరు ఇని, ముద్ద మింగడం మానేసి పోయింది. నీకు మెల్లగా నేనే సెప్పుకుంటానని డాక్టరమ్మకు మాటిచ్చినా. ఏ పొద్దూ నోరు రాలే."

"మీ అమ్మ భయస్తురాలు. నన్నెందుకు ఆమె లెక్కలో ఏసినావు? బలానికని మాత్ర మింగిస్తివి. అది మానేసుంటే ఏమయ్యేది? ఎవరన్నా నీకు తెలీకుండా ఈ చేతికి సూది ఏసుంటే ఏమయ్యేది? ఇయ్యన్నీ పక్కన పెట్టు. అమ్మోరి ముందర నా చేత అబద్ధానికి దండం పెట్టించబోతివి."

మరుసటి వారం ఒక్కతే బస్సెక్కి ఆసుపత్రికి పోయింది. డాక్టరమ్మ ఎదుట తానే కూర్చుని, జబ్బు పేరుతో సహా అన్నీ తన చెవులతో విన్నది. చంకలో గడ్డలు పొలంలో తూముల్లాంటివంది డాక్టరమ్మ. అవి లేకపోతే చేతిలోని నీరు బయటికి పోయే దారి తగ్గుతుంది. ఒక చిన్న పుండు చీము పట్టినా చెయ్యి వాచి, మళ్లీ తగ్గడం కష్టం. అందుకే ఆ చేతికి సూది వద్దు, బిగువైన పట్టీ వద్దు, ఎప్పటికీ. అంతా విని ప్రసూన ఒక్కటే అడిగింది, కుడి చేతికి పచ్చబొట్టు వేయించుకోవచ్చా అని. కొత్త సూదితో శుభ్రంగా అయితే వేయించుకోవచ్చు, ఎర్రబడితే మాత్రం వెంటనే రమ్మంది.

అక్కడి నుంచి పులివెందుల పోయి గంగమ్మ ముందు నిలబడింది. "వచ్చింది ఆ జబ్బేనంట తల్లీ. మొక్కు చెల్లదు. నీ తప్పు లేదు, నా తప్పు లేదు," అని పసుపు కుంకుమ పెట్టి వచ్చేసింది.

ఆ తర్వాత మొగుణ్ని వెంటబెట్టుకుని ప్రొద్దుటూరులో అన్సర్ అంగడికి పోయింది. అన్సర్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. "పిన్నీ, అప్పుడు వాళ్లు సెప్పినారని..."

"అది అయిపోయింది. కొత్త సూది నా ముందర తీయి. ఈసారి నా కండ్లు ఎవరూ మూయరు."

కుడి ముంజేయి చాపింది. సూది దిగిన ప్రతిసారీ పళ్లు బిగించింది గానీ చూపు తిప్పుకోలేదు. నొప్పి తెలుస్తుంటే, ఇది నిజం, ఇది నిజం అనుకుంది. అన్సర్ తుడిచి చూపించాడు. 'ఎడమ చేతికి సూది వద్దు' అని బండి పలక మీద రాసినంత స్పష్టంగా ఉంది.

ఫణికుమార్ మెల్లగా అన్నాడు, "అందరికీ కనపడేచోట ఎందుకే? సెప్పడానికి నేనుండా గదా."

ప్రసూన అతని మొహంలోకి చూసింది. "అప్పుడూ నువ్వుంటివి."

ఇప్పటికీ వాళ్లు ఒకే ఇంట్లోనే ఉన్నారు. ఆమె అతనికి అన్నం పెడుతుంది, అతను బిందె ఎత్తుతాడు. గోడ మీదుగా మాత్రం ఏ గిన్నె కూడా పోవడం లేదు. రవికెలు బజారులో ఇంకెవరికో ఇస్తుంది. "ఎడమ చెయ్యి వదులుగా కుట్టు," అని తానే నోరు తెరిచి చెబుతుంది. 

ఇదమ్మా సంగతి. దీన్ని మరిచిపోకండి. రేపు మీ ఇంట్లో ఎవరినో బయట బల్ల మీద కూర్చోబెట్టి, మీరు లోపలికి పోయి డాక్టరు మాట వినే రోజు రావచ్చు. ఆ తలుపు దాటక ముందు ప్రసూనను తలుచుకోండి. మీతో వచ్చినవాళ్లకూ ఆమె సంగతి ఇట్లాగే మొదటి నుంచి చెప్పండి, ఏదీ దాచకుండా.